కాగితం తిరగబడలేదు

ఫైసన్ లికోంగ్వే ఇరవై తొమ్మిదేళ్ళ పాటు ఒకే కథ చెప్పి నవ్వించాడు.

బ్లాంటైర్‌లో కొండవాలున ఉన్న ఆర్కిటెక్చర్ కళాశాలలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పాఠం ఆయనదే. దిక్కుల పాఠం. ఆయన సంచీలోంచి పాత వార్తాపత్రికలో చుట్టిన కాగితం ముక్క ఒకటి తీసి కిటికీకి ఎదురుగా పట్టుకునేవాడు. ఉల్లిపొర రంగు, ఉల్లిపొర మెరుపు.

"దీన్ని ట్రేసింగు కాగితం అంటారు. మీ కంప్యూటర్లు పుట్టక ముందు ఈ దేశంలో ప్రతి బడీ, ప్రతి ఆసుపత్రీ, ప్రతి జైలూ దీని మీదే పుట్టింది. ఇటు గీసినా కనిపిస్తుంది, అటు తిప్పినా కనిపిస్తుంది. అదే దీని సుఖం, అదే దీని కొంప ముంచుడూ."

ఆ తరువాత కథ. ఎనభైల్లో ప్రభుత్వ భవనాల శాఖలో సైదీ మకాంజిరా అని ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవాడు. మధ్యాహ్నం మొక్కజొన్న పిండి న్సిమా ముద్దలు దండిగా లాగించి వచ్చి, కునికిపాట్లు పడుతూ, ఒక బడి ప్లానును తిరగేసిన కాగితం మీద ఎక్కించాడు. ఉత్తరం వైపు ఉండాల్సిన సన్‌షేడ్లు దక్షిణానికి పోయాయి. ఆ ఒక్క ప్లానుతో దిగువ నది జిల్లాల్లో నలభై నాలుగు బళ్ళు లేచాయి. "ఆ డిజైను చేసిన నిర్భాగ్యుణ్ణి నేనే," అని లికోంగ్వే నెత్తి కొట్టుకునేవాడు. పిల్లలు పగలబడి నవ్వేవారు. ఆ కళాశాలలో మకాంజిరా అన్నది ఒక మనిషి పేరు కాకుండా పోయింది. ఎవడైనా బొమ్మ తలకిందులుగా అతికిస్తే, "ఏరా, మకాంజిరా చేశావా?" అంటారు.

కథలో చిక్కల్లా ఒకటే. అది అబద్ధం.

చాలాకాలం చెప్పిన అబద్ధం ఊరికే ఉండదు, సంసారం పెంచుకుంటుంది. మొదటి ఏడు అందులో న్సిమా లేదు. మూడో ఏట వచ్చి చేరింది. ఆరో ఏటికి గురక వచ్చింది. పదో ఏటికి మకాంజిరా చొంగ కాగితం మీద పడి సిరా అలుక్కుపోవడం కూడా వచ్చింది, ఆ ఏడు నవ్వులు మరీ ఎక్కువ. ఆ నవ్వు ఆగేలోగా లికోంగ్వే కాగితం ముక్కను వార్తాపత్రికలో చుట్టి జాగ్రత్తగా లోపల పెట్టేసేవాడు. అప్పుడు ఆయన ఎవరి ముఖంలోకీ చూసేవాడు కాదు.

ఇరవై తొమ్మిదో ఏట, ఏప్రిల్లో, వనంగ్వ ఆయన గదికి వచ్చింది. ఒకప్పటి ఆయన శిష్యురాలు, ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతోంది. పాత సిలబస్ మార్చే పని కళాశాల ఆవిడకే అప్పగించింది. నాలుగేళ్ళలో మూడు తుపానులు వచ్చి వెళ్ళిన దేశంలో అద్దాల మేడలు గీయడం నేర్పితే ఎట్లా అని ఆవిడ వాదన.

"సర్, ఇకనుంచి మూడో సంవత్సరం పిల్లలు కొత్త బొమ్మ గీసే ముందు పాత భవనం ఒకటి కొలవాలి. లోపల ఎంత వేడి, ఎప్పుడు, ఎందుకు అని. ముందు దిగువ నది బళ్ళతో మొదలుపెడదాం అనుకుంటున్నా."

"ఆ బళ్ళలో కొలవడానికేముంది? అందరికీ తెలిసిన కథేగా."

"కథ తెలుసు సర్, కొలత తెలీదు. మీరూ రండి. డిజైను చేసిన మనిషే పక్కనుంటే పిల్లలకు అంతకంటే ఏం కావాలి? అన్నట్టు, శాఖవాళ్ళు పాత డ్రాయింగులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేసి చుట్టల్ని చెత్తలో వేయబోతుంటే నేను తెచ్చేశాను. మీ అసలు ట్రేసింగు కూడా అందులో ఉంది."

లికోంగ్వేకు మోకాళ్ళ నొప్పి గుర్తొచ్చింది, డాక్టరు ప్రయాణాలు వద్దన్న సంగతీ గుర్తొచ్చింది. "మోకాళ్ళకు ముందు సీటు ఇస్తాం," అంది వనంగ్వ. అంతటితో ఆ దారి మూసుకుపోయింది.

మే నెలాఖరున పద్దెనిమిది మంది పిల్లలతో బస్సు కొండ దిగింది. బ్లాంటైర్‌లో ఉన్ని కోటు వేసుకుని ఎక్కిన మనిషి, వంపులు తిరిగి లోయలోకి దిగేసరికి చొక్కా గుండీలు విప్పుకోవాలి. ఆ గంటన్నర దారిలో ఒక ఖండం మారినట్టుంటుంది. లికోంగ్వే కిటికీలోంచి ఇళ్ళు చూస్తూ కూర్చున్నాడు. నది ఒడ్డు ఇళ్ళకు నాలుగు వైపులా ఖోండే ఉంటుంది, కర్రల మీద వాలిన గడ్డి చూరు, దాని కింద అరుగు. పొద్దున ఇటువైపు, సాయంత్రం అటువైపు కూర్చుంటారు. ఆ ఇల్లు కట్టుకున్న ముసలమ్మకు దిక్సూచి అక్కర్లేదు. భూమి మీద తిరిగిన వాళ్ళు చెప్పేదేమిటంటే, వేడి దేశాల్లో ఎక్కడికి పోయినా జనం ముందు నీడ కట్టుకుంటారు, తరువాత దాని మధ్యలో ఇల్లు కట్టుకుంటారు. ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో లికోంగ్వే ఒకసారి అలాంటి ఇల్లే గీశాడు. "ఇది ఇల్లా, టోపీయా?" అన్నాడు అక్కడి ప్రొఫెసరు. గదంతా నవ్వింది. ఆయన మళ్ళీ ఖోండే గీయలేదు.

న్యతొంగా బడి ముందు హెడ్మిస్ట్రెస్ ఎస్నాత్ గంగాత ఎదురొచ్చింది. నలభై దాటిన దిట్టమైన మనిషి. లికోంగ్వే పేరు వినగానే మోకాలు వంచి, రెండు చేతులూ మెల్లగా చరిచి దండం పెట్టింది.

"మా బడి గీసిన బ్వానా మీరేనా! అయ్యో, ముందే చెబితే మేకను కోసేవాళ్ళం కదా. నేను ఈ బడిలోనే చదివానండి. ఒకటో బ్యాచి. ఈ గోడల పక్కనే ఎక్కాలు నేర్చుకున్నా."

"చాలా... చాలా సంతోషం అమయీ," అన్నాడు లికోంగ్వే. ఎవరో తోబ్వా అనే తీపి పానీయం తెచ్చి ఇచ్చారు, ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు.

బడికి దక్షిణాన పొడుగాటి కాంక్రీటు సన్‌షేడ్లు, ఒక్కొక్కటి బారెడు. ఎండ అటు రావడమే అరుదు కనుక వాటి కింద నాచు పట్టింది, రెండు మేకలు పడుకుని ఉన్నాయి. ఉత్తరాన పెద్ద పెద్ద కిటికీలు, నెత్తిన ఏమీ లేదు. భూమధ్యరేఖకు దిగువన ఉన్న ఆ దేశంలో సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం ఉత్తరం వైపు వాలి నడుస్తాడు. ఎగువన ఉన్న ఇంగ్లండులో దక్షిణం వైపు.

తొమ్మిదిన్నరకు గంట కొట్టారు. ఏ పీరియడూ అయిపోలేదు. అయినా తరగతిలో తొంభై మంది దాకా పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని లేచారు. ఒక పాట అందుకున్నారు. పాడుతూ, నేల మీద పరిచిన గోనెలు లాక్కుంటూ గదిలో దక్షిణపు సగానికి జరిగి, ఒకరి మోకాళ్ళ మీద ఒకరు పడి కూర్చున్నారు. ఖాళీ అయిన చోట ఎండ తెల్లటి పట్టీలా పరుచుకుంది.

"ఇదేమిటి మేడమ్?" అని అడిగింది తియమికే అనే విద్యార్థిని.

"కదిలే గంట," అంది గంగాత. "మా బడి క్రమశిక్షణ చూడండి, ఒక్కడు తోసుకోడు. నేను చదివేప్పుడు పదకొండున్నరకు కొట్టేవాళ్ళు. ఏటేటా ఓర్చుకోలేక ముందుకు జరుపుకుంటూ వచ్చాం. ఇప్పుడు తొమ్మిదిన్నర. ఏమైనా సర్కారు పెట్టిన పద్ధతి బావుందండి."

"సర్కారు పెట్టిందా?"

"మరి? నలభై నాలుగు బళ్ళలోనూ ఉంది కదా గంట. నేను చూడని బడి లేదు. ప్లానుతో పాటే వచ్చుంటుంది అనుకున్నాం." ఆవిడ లికోంగ్వే వైపు తిరిగింది. "మీరే పెట్టారేమో కదా బ్వానా?"

ఎండ పట్టీలో ముగ్గురు పిల్లలు మిగిలిపోయారు. ఒకమ్మాయి కళ్ళు చికిలించి, అట్ట పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుంది. వాళ్ళెందుకు కదల్లేదని వనంగ్వ అడిగింది.

"ఆలస్యంగా వచ్చినవాళ్ళు," అంది గంగాత. "కొట్టకూడదని రూలు వచ్చింది కదా. అందుకని ఎండలో కూర్చోబెడతాం."

తియమికే ఆ అమ్మాయి పక్కన థర్మామీటరు పెట్టింది. బయట చెట్టు నీడలో ముప్పై ఒకటి ఉన్నది, అక్కడ నలభై ఒకటి చూపించింది. "ఇప్పుడేం చూశారు!" అని గంగాత నవ్వింది. "సెప్టెంబరులో రండి. పట్టీ సన్నబడుతుంది గానీ గోడే పొయ్యి అవుతుంది."

లికోంగ్వే బయటికి వెళ్ళి మేకల పక్కన, తన సన్‌షేడు కింద నిలబడ్డాడు. అక్కడ చల్లగా, ఎంతో హాయిగా ఉంది. ఆ హాయికి ఆయన ఒళ్ళు చచ్చిపోయింది.

అసలు జరిగింది ఇది. ఎనభై ఆరులో లికోంగ్వేకు ఇరవై ఏడేళ్ళు. ఇంగ్లండు డిగ్రీ, ఇంగ్లండు బూట్లు, ఇంగ్లండు పుస్తకం. బడి ఎలా కట్టాలో ఆ లావుపాటి పుస్తకంలో పట్టికలతో సహా ఉండేది: ఎండ దక్షిణాన్నుంచి వస్తుంది, అటు నీడ పట్టు, పెద్ద కిటికీలు ఉత్తరానికి పెట్టు. ఆయన అదే గీశాడు. పక్కబల్ల దగ్గర మకాంజిరా ట్రేసింగు పరుస్తూ ఆగాడు. సరస్సు ఒడ్డు మనిషి, నలభై ఆరేళ్ళవాడు, శాఖలో అతనంత అందంగా అక్షరాలు రాసేవాడు లేడు.

"బ్వానా, ఒక్క మాట. మా అమ్మ చేపలు ఇంటికి ఉత్తరాన ఎండేస్తుంది. నీళ్ళ కుండ దక్షిణపు గోడ వారన పెడుతుంది. తమరు నీళ్ళ కుండకు గొడుగు పట్టినట్టున్నారు."

గదిలో ఇంకో నలుగురు ఉన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఇల్లా టోపీయా అన్న నవ్వు లికోంగ్వే చెవుల్లో మళ్ళీ మోగింది.

"మకాంజిరా, నీ పని గీయడం. ఆలోచించడానికి నాకు జీతమిస్తున్నారు."

"చిత్తం," అని మకాంజిరా గీశాడు. కింద గళ్ళలో, గీసినవాడు అన్నచోట తన పేరు పొడి అక్షరాలు రెండూ ముత్యాల్లా రాశాడు.

రెండేళ్ళకు న్యతొంగా బడి నుంచే మొదటి జాబు వచ్చింది. పిల్లల మీద ఎండ పడుతోంది, దయచేసి కారణం చెప్పండి అని. లికోంగ్వే ఆ మధ్యాహ్నం మేడ ఎక్కి తన నీడను చూసుకున్నాడు. నీడ దక్షిణానికి పడి ఉంది. అప్పటికి ముప్పై ఎనిమిది బళ్ళకు పైకప్పు పడింది, మిగతా ఆరూ గోడల దాకా లేచాయి. ఆ రోజుల్లో ప్రభుత్వపు పనిలో పొరపాటు అనే మాట ఉండేది కాదు, ద్రోహం అనే మాట ఉండేది. మనుషులు ఆఫీసు నుంచి సరాసరి ఎక్కడికో వెళ్ళి తిరిగి వచ్చేవారు కారు. భయం నిజమే. భయపడ్డందుకు లికోంగ్వే తరువాత ఎప్పుడూ సిగ్గుపడలేదు. భయంలో ఎంత తెలివిగా ఆలోచించాడో దానికే సిగ్గుపడ్డాడు. ట్రేసింగులో కాగితం తిరగబడిందని డైరెక్టరుకు రాసిచ్చాడు. అలాంటివి జరగడం మామూలే కనుక నమ్మారు. డ్రాఫ్ట్స్‌మన్ తప్పు కనుక ద్రోహం దాకా పోలేదు. మకాంజిరాను ఉత్తరపు సరిహద్దులో చితిపాకు, సిమెంటు బస్తాలు లెక్కపెట్టే గోడౌనుకు పంపారు. గీత బల్ల అక్కడితో సరి.

వెళ్ళే రోజు అతను తన సామాను సర్దుకున్నాడు. సిరా గీతలు గీకడానికి వాడే బ్లేడు ఒక్కటి లికోంగ్వే బల్ల మీద పెట్టి, "తమకు పనికొస్తుంది," అన్నాడు.

ఇంకొకటి. మకాంజిరా ఉద్యోగం విరమించి బ్లాంటైర్ పక్కనున్న లింబేలో స్థిరపడ్డాడని లికోంగ్వేకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఎవరూ చెప్పలేదు, గోడలు చెప్పాయి. లింబే మార్కెట్టు దారిలో ఒక మంగలి షాపు బోర్డు, రెండు శవపేటికల దుకాణాల బోర్డులు, ఒక మినీబస్సు వెనక రాసిన ప్రార్థన, అన్నీ ఆ చేతి అక్షరాలే. ఆ నిలువు గీతల నిటారుతనం దేశంలో ఇంకెవరికీ లేదు. అప్పటినుంచి లికోంగ్వే లింబే వెళ్ళాలంటే చుట్టూ తిరిగి పొగాకు గోడౌన్ల వైపు నుంచి వెళ్ళేవాడు.

జూన్ రెండో శుక్రవారం జ్యూరీ పెట్టారు. ఈ చదువులో ఉన్నంత కిరాతకం మరే చదువులోనూ లేదు. లెక్కలు తప్పినవాడి కాగితం దిద్ది మడిచి చేతిలో పెడతారు. ఆర్కిటెక్చర్ చదివేవాడు తన తప్పుల్ని మేకులతో గోడకు కొట్టి, పక్కన నిలబడి, కుర్చీల్లో కూర్చున్న పెద్దలు ఒక్కొక్కటీ ఒలుస్తుంటే అందరి ముందూ వినాలి. లికోంగ్వే ఇరవై తొమ్మిదేళ్ళు కుర్చీ వైపే ఉన్నాడు. ఆయన మాటకు ఏడ్చినవాళ్ళు ఇప్పుడు దేశమంతా భవనాలు కడుతున్నారు.

తియమికే జట్టు కొలతల పక్కన ఆ అసలు ట్రేసింగునే వేలాడదీసింది. ముప్పై ఆరేళ్ళ కాగితం, అంచులు టీ రంగుకు తిరిగాయి. ఆ అమ్మాయి వేడి లెక్కలు చెప్పింది, కదిలే గంట సంగతి చెప్పింది, ఉత్తరాన గడ్డితో ఖోండే వేస్తే ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో చెప్పింది. చివర్న చేతులు నలుపుకుంటూ ఆగింది.

"సర్, ఒక్క సందేహం. కాగితం తిరగేసి గీస్తే ఎడమ కుడి అవుతుంది కదా?"

"అవుతుంది."

"ఇక్కడ కాలేదు సర్. న్యతొంగాలో నల్లబల్ల తూర్పు గోడకు ఉంది. పిల్లలు తూర్పుకు తిరిగి కూర్చుంటారు. ఉత్తరపు కిటికీల వెలుతురు ఎడమ భుజం మీదుగా పడుతుంది, రాసే చేతి నీడ పుస్తకం మీద పడకుండా. ఎలా ఉండాలో సరిగ్గా అలాగే ఉంది. తిరగబడిన కాగితమైతే వెలుతురు కుడివైపు నుంచి రావాలి."

"అయితే మకాంజిరా రెండుసార్లు నిద్రపోయాడు!" అన్నాడు వెనకనుంచి ఒకడు. గది గొల్లుమంది.

"ఆగండ్రా," అంది వనంగ్వ. "తియమికే, అయితే ఏం జరిగిందంటావు?"

"తెలీదు మేడమ్. కాగితం మాత్రం తిరగబడలేదు."

ఆ అమ్మాయి గొంతులో నింద లేదు. లెక్క కుదరడం లేదు, అంతే. లికోంగ్వే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. రెండు ప్లానులు ఉండేవనో, నల్లబల్ల తరువాత మార్చారనో. ఆ రెండూ ఆయన నాలుక చివరికి వచ్చాయి కూడా, అంత అలవాటైన నాలుక. అప్పుడే వేలాడుతున్న కాగితం మీద ఆ రెండు ముత్యాల అక్షరాలు కనబడ్డాయి. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు.

"మకాంజిరా తిరగేయలేదు. నేను గీసిందే అతను ఎక్కించాడు. తప్పు నాది."

మళ్ళీ నవ్వు. "సర్ ఈ ఏడు కథ మార్చేశారు!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళు నవ్వించిన ముఖం, దాన్ని చూస్తేనే నవ్వొస్తుంది. తాను నిజం చెప్పినా నమ్మరన్న సంగతి లికోంగ్వేకు అప్పుడు తెలిసింది.

ఆయన నడుచుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళాడు. డ్రాయింగు పక్కన, పిల్లలు నిలబడే చోట, కుర్చీల వైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నవ్వు ముందు వరసలో ఆగింది, తరువాత వెనక.

"అతను నాకు ముందే చెప్పాడు," అన్నాడు లికోంగ్వే. "నీళ్ళ కుండకు గొడుగు పడుతున్నారు బ్వానా అన్నాడు. ఆలోచించడం నీ పని కాదన్నాను. జాబు వచ్చాక అతని మీదికి తోసేశాను. అతను న్సిమా తిని నిద్రపోలేదు. అసలు మధ్యాహ్నం ఏమీ తినేవాడే కాదు, టీ తాగేవాడు. ఆ న్సిమా నేను పెట్టాను."

వనంగ్వ ముఖం చేతుల్లో పెట్టుకుని ఉంది.

"సర్," అంది చివరికి, "నా క్లాసులో నేనూ ఆరేళ్ళుగా చెబుతున్నాను ఆ కథ. చొంగతో సహా."

వనంగ్వ శిష్యులు ఎక్కడెక్కడో చెబుతుంటారు. ఆ పేరు ఎంతమంది నోళ్ళలో పడిందో లెక్క తీయడం ఏ థర్మామీటరు వల్లా కాదు.

పిల్లలు వెళ్ళిపోయాక ఆయన ట్రేసింగును బల్ల మీద పరిచాడు. ప్రతి డ్రాయింగుకూ కింద కుడిమూల సవరణల పట్టీ ఉంటుంది. ఏం మారింది, ఎప్పుడు, ఎవరు మార్చారు అని మూడు గళ్ళు. ఆ ప్లానుకు పట్టీ ఖాళీగా ఉంది, ఎన్నడూ ఏమీ మారలేదు. మొదటి గడిలో రాశాడు: నీడ తప్పు దిక్కున పడింది, తప్పు డిజైను చేసిన ఎఫ్. లికోంగ్వేది, గీసిన ఎస్. మకాంజిరా ముందే హెచ్చరించాడు. తేదీ వేసి సంతకం చేశాడు.

శనివారం మధ్యాహ్నం ఆ చుట్ట చంకన పెట్టుకుని, పొగాకు గోడౌన్ల వైపు కాకుండా, మార్కెట్టు దారిన నడిచాడు. శవపేటికల దుకాణంవాణ్ణి బోర్డు ఎవరు రాశారని అడిగితే, "ముసలి సైదీయా? మసీదు వెనక, నీలం తలుపు," అన్నాడు.

నీలం తలుపు ఇంటికి ఖోండే ఉంది. దాని కింద చాప మీద ఎనభై రెండేళ్ళ మనిషి అసర్ నమాజు ముగించి కూర్చున్నాడు.

"ఓదీ," అన్నాడు లికోంగ్వే గడప బయట నిలబడి.

"ఓదీనీ. రండి." మకాంజిరా కళ్ళు చికిలించాడు. గుర్తుపట్టడానికి ఎంతో సేపు పట్టలేదు. "ఓహో, ఇంగ్లండు బూట్ల బ్వానా. ముసలాడివైపోయావే! కూర్చో."

లికోంగ్వే కూర్చోలేదు. చెప్పాల్సింది దారంతా కూడబలుక్కున్నాడు, అందులో ఒక్క ముక్కా రాలేదు. చుట్ట విప్పి చాప మీద పరిచాడు. మకాంజిరా దిండు కింద నుంచి భూతద్దం తీసి, ముందు తన గీతలు చూసుకున్నాడు, ఒక చివరినుంచి ఇంకో చివరి దాకా, పాత స్నేహితుల్ని పలకరిస్తున్నట్టు. తరువాత సవరణల పట్టీ దగ్గర ఆగాడు. రెండుసార్లు చదివాడు.

"నీ రాత ఇంకా బాగుపడలేదు," అన్నాడు.

"అగోగో, పెద్దాయనా, నేను..."

"మీ కళాశాలలో నా పేరేదో ఆడుకుంటారట. మా మనవరాలి మొగుడు చెప్పాడు. నిద్రపోతే నోట్లోంచి చొంగ కారుతుందట నాకు."

లికోంగ్వే తలవంచుకున్నాడు. మకాంజిరా భూతద్దం తుడుచుకున్నాడు.

"నీడ పడిందా మరి? ఆ బళ్ళకు?"

"లేదు."

"ఇంకా లేదా?"

"లేదు. పిల్లలు గంట కొడితే జరుగుతున్నారు."

"అయితే ఇదేం సవరణ?" ముసలాయన గొంతు మొదటిసారి పెరిగింది. "సవరణ అంటే గీత మారాలి. గీత మారకుండా గడిలో ఏడుపు రాస్తే సవరణ అవుతుందా? ఇంత చదువుకున్నావు, అంత మాత్రం తెలీదూ? నా పేరు కడగడానికి వచ్చావు సరే, పిల్లలు ఎండలోనే ఉన్నారు కదా!"

ఈ ముప్పై నాలుగేళ్ళలో ఎంతసేపూ తన తప్పు గురించే లికోంగ్వే కుమిలాడు. గోడ ఉత్తరాన నాలుగు కర్రలు పాతితే పోయేదాన్ని ఒక్కసారైనా గీసి పంపలేదు. గీస్తే తప్పు బయటపడుతుందని. ఆ మాట పైకి అనడానికి కూడా మొహం చెల్లలేదు.

మకాంజిరా లోపలికి కేకేశాడు. ఎవరో ఒక రేకు పెట్టె తెచ్చి ఇచ్చారు. అందులోంచి పెన్సిలు, స్కేలు, ఒక చిన్న చుట్ట ట్రేసింగు కాగితం బయటికి వచ్చాయి. కొత్త కాగితాన్ని పాతదాని మీద పరిచి, నాలుగు మూలలా టీ కప్పులు, పళ్ళెం, తన చెప్పు పెట్టాడు.

"నా చేతులు వణుకుతాయి. నువ్వు గీయి. ఉత్తరపు గోడ నుంచి రెండు గజాలు, కర్రలు ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ. చూరు కిందికి వాల్చు, పెద్దమనిషి తల వంచి లోపలికి రావాలి."

లికోంగ్వే చాప మీద మోకాళ్ళు నొప్పెట్టేలా కూర్చున్నాడు. "గడ్డి వేద్దామా, రేకా? నాకేమనిపిస్తోందంటే..."

"నీ పని గీయడం," అన్నాడు మకాంజిరా.

లికోంగ్వే చెవులు మండాయి. పెన్సిలు కాగితానికి ఆనించాడు. గీత మూరెడు దూరం పోయి ఒణికింది.

ముసలాయన భూతద్దం పెట్టి చూసి, గీత గీకడానికి బ్లేడు కోసం పెట్టెలో వెతికాడు. దొరక్కపోయేసరికి చెయ్యి చాచాడు. లికోంగ్వే జేబులోంచి ఆనాటి బ్లేడు తీసి ఆ చేతిలో పెట్టాడు. ముప్పై నాలుగేళ్ళ తుప్పు.

మకాంజిరా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెప్పు పక్కన పెట్టాడు.

"వంకరగా ఉంది," అన్నాడు. "మళ్ళీ గీయి."